టోన్‌లోక్, టీహెచ్‌సీ-స్కాన్, వార్‌వాక్స్: ఏది మేలు?

అమెరికాలో ల్యాండ్‌లైన్ నంబరుకు ఏరియా కోడ్ పోగా ఏడంకెలు ఉంటాయి. మొదటి మూడు ఎక్స్ఛేంజ్‌వి, చివరి నాలుగు కనెక్షన్‌వి. అంటే ఒక్కో ఎక్స్ఛేంజ్ కింద 0000 నుంచి 9999 దాకా 10,000 నంబర్లు. వీటిలో ఏ నంబరుకు ఫోన్ చేస్తే మనిషి బదులు కంప్యూటర్ ఎత్తుతుంది? డైరెక్టరీలో ఆ సంగతి రాసి ఉండదు. తెలుసుకోవాలంటే వరసపెట్టి అన్నింటికీ ఫోన్ చేయడం ఒక్కటే దారి. ఆ పనిని ఫోన్ లైను మీద కంప్యూటర్లను కలిపే మోడెమ్‌తో చేయించే ప్రోగ్రాములే వార్ డయలర్లు. ఈ పేరు 1983లో వచ్చిన ‘వార్‌గేమ్స్’ సినిమాతో వచ్చింది. అందులో ఒక హైస్కూల్ కుర్రాడు గేమ్ కంపెనీ కంప్యూటర్ దొరుకుతుందేమోనని కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నంబర్లన్నింటికీ తన కంప్యూటర్‌తో ఫోన్లు చేయిస్తాడు.

ఆలోచన మాత్రం సినిమా కంటే పాతది. 1977లోనే, ఫోన్ వ్యవస్థ గుట్టు విప్పడంలో పేరుపడ్డ జాన్ డ్రేపర్ యాపిల్-2 కంప్యూటర్ కోసం ఫోన్ లైనుకు తగిలించే ఒక బోర్డు తయారుచేశాడు. దానంతట అదే నంబర్లు తిప్పుతుంది, అవతల వచ్చే శబ్దాలను గుర్తుపడుతుంది. యాపిల్ దాన్ని మార్కెట్లోకి తేలేదు. 1981లో హేస్ స్మార్ట్‌మోడెమ్ వచ్చాక మామూలు వాళ్లకూ ఇది అందింది. అంతకుముందు చాలా మోడెములకు మనమే ఫోన్ తిప్పి, రిసీవర్ని రబ్బరు కప్పుల్లో పెట్టాల్సి వచ్చేది. హేస్ మోడెమ్‌కి ‘ఏటీడీటీ’ అని రాసి పక్కన నంబరు ఇస్తే చాలు, అదే డయల్ చేసి, ఏం జరిగిందో కూడా అక్షరాల్లో చెప్పేది: కనెక్ట్, నో క్యారియర్. తర్వాత వచ్చిన మోడెములు బిజీ, వాయిస్, రింగింగ్ లాంటివి కూడా చెప్పడం నేర్చుకున్నాయి. ఆ జవాబుల్ని చదివే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసుకుంటే వార్ డయలర్ తయారైనట్టే.

ఇది అమెరికాలోనే అంతగా ఎందుకు పెరిగిందంటే, అక్కడ చాలా ఇళ్లలో లోకల్ కాల్స్‌కి నెలకు ఇంత అని ఒకటే బిల్లు. రాత్రంతా చేసినా పైసా ఎక్కువ కాదు. జర్మనీలో లోకల్ కాల్‌కీ యూనిట్ల లెక్కన డబ్బు పడేది. అందుకే అక్కడి కుర్రాళ్ల కన్ను 0130తో మొదలయ్యే ఉచిత నంబర్ల మీద ఉండేది. మన దగ్గర కూడా అప్పట్లో మీటరే. ఎక్స్ఛేంజ్‌లో పదివేల కాల్స్ చేస్తే వచ్చే బిల్లు తలచుకుంటే చాలు, ఈ సరదా ఇక్కడ ఎందుకు పుట్టలేదో తెలిసిపోతుంది.

ఇలాంటి ప్రోగ్రాములు లెక్కలేనన్ని వచ్చాయి. పోల్చి చూడదగ్గవి మూడని నా అభిప్రాయం. 1990ల మొదట్లో వచ్చిన టోన్‌లోక్, ఆ దశాబ్దం చివర్లో స్థిరపడ్డ టీహెచ్‌సీ-స్కాన్, 2009లో వచ్చిన వార్‌వాక్స్. చాలామంది వీటిని గంటకు ఎన్ని నంబర్లు తిప్పుతాయన్న లెక్కతో పోలుస్తారు. నాకు అది సరైన కొలత అనిపించదు. ప్రతి కాల్‌కీ అవతల ఒక మనిషి ఉండే అవకాశం ఎక్కువ. ఆ కాల్‌లో ప్రోగ్రాం ఏం వింది, విన్నదాంట్లో ఎంత దాచుకుంది, దానికోసం ఎంతమందిని ఎన్నిసార్లు కదిలించింది అన్నదే అసలు తేడా.

టోన్‌లోక్

మైనర్ థ్రెట్, ముచో మాస్ అనే మారుపేర్లతో ఇద్దరు, విండోస్ కంటే ముందు పీసీల్లో నడిచిన డాస్ కోసం రాసిన ప్రోగ్రాం ఇది. టోన్ లొకేటర్ అన్నది పూర్తి పేరు. దాన్ని కుదించి, అప్పట్లో బాగా వినపడుతున్న ఒక ర్యాపర్ పేరులా పలికేటట్టు పెట్టారు.

తెర మీద ఎడమవైపు ఒక లాగ్ కిందికి జారుతూ ఉంటుంది. నంబరు, దాని పక్కన ఫలితం. కుడివైపు పైన మోడెమ్‌తో జరుగుతున్న సంభాషణ, కింద లెక్కలు: ఎన్ని అయ్యాయి, ఎన్ని మిగిలాయి, గంటకు ఎన్ని. పక్కన కూర్చుని వినే మనిషి కోసం కూడా ఏర్పాట్లున్నాయి. మోడెమ్ స్పీకర్లో ఏదైనా వినపడితే ఒక అక్షరం నొక్కి గుర్తు పెట్టుకోవచ్చు. ఫ్యాక్స్‌కి ఒకటి, వాయిస్ మెయిల్‌కి ఒకటి, రికార్డు చేసిన ఆడగొంతుకు ఒకటి. ఎత్తి కేకలు వేసిన మనిషికి కూడా ఒక అక్షరం ఉంది! స్పేస్‌బార్ నొక్కితే ఆ కాల్ వదిలేసి తర్వాతి దానికి వెళ్తుంది. ఆ కాల్‌లో ఇంకాసేపు ఆగాలంటే దానికీ ఒక మీట ఉంది. రాసినవాళ్లు స్వయంగా రాత్రుళ్లు కూర్చుని వాడారని ఆ మీటల జాబితాయే చెబుతుంది. ప్రోగ్రాం రాయడంలో ఇంతకంటే మంచి గుణం నాకు తెలీదు.

నంబర్ల పరిధిని ఒక అచ్చులా ఇస్తాం: మొదటి మూడంకెలు, తర్వాత నాలుగు ఎక్స్‌లు. అందులో ఫలానా ముక్క వద్దు అని మినహాయించవచ్చు. ఎప్పటికీ డయల్ చేయకూడని నంబర్లకు విడిగా ఒక బ్లాక్‌లిస్ట్ ఫైల్ ఉంది. పోలీసులు, ఆస్పత్రులు, ఒకసారి కేకలేసిన ఇల్లు లాంటివి అందులో వేసుకోవచ్చు. మామూలుగా ఇది వరుస క్రమంలో కాకుండా కలగాపులగంగా డయల్ చేస్తుంది. ఒకటి తర్వాత ఒకటిగా వందల నంబర్లకు కాల్స్ వెళ్తుంటే ఎక్స్ఛేంజ్‌లో ఎవరైనా పసిగడతారన్న భయం దీనికి కారణం. కానీ దీనివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. ఒక ఆఫీసుకు వరుసగా యాభై నంబర్లు ఉంటే, ఒక్కో టేబుల్ మీద ఫోన్ వరసగా మోగుతూ పోవడం తప్పింది.

ఫలితాలన్నీ ఒక డాట్ (.DAT) ఫైల్లో పడతాయి. నంబరుకు ఒక్క బైట్. బిజీ, వాయిస్, రింగ్ అయి ఎత్తలేదు, క్యారియర్, టోన్ అన్నదంతా ఆ ఒక్క బైట్లోనే. ఎక్స్ఛేంజ్ మొత్తానికి పదివేల బైట్ల చిల్లర. ఒక 1.44 ఎంబీ ఫ్లాపీలో పదుల ఎక్స్ఛేంజ్‌లు పట్టేవి.

దీనికి తోడుగా వచ్చిన టోన్‌మ్యాప్ అనే చిన్న ప్రోగ్రామే నా దృష్టిలో మొత్తం కథకు తలమానికం. డాట్ ఫైల్‌ని తీసుకుని పదివేల నంబర్లనూ రంగురంగుల చుక్కలుగా తెర మీద పరుస్తుంది. ఒక రంగు బిజీకి, ఒకటి మనిషి ఎత్తినదానికి, ఒకటి మోడెమ్‌కి. మౌస్‌తో చుక్క మీదికి వెళ్తే నంబరు కనపడుతుంది. ఒక కంపెనీ వరుసగా తీసుకున్న నంబర్ల గుంపు ఒకే రంగు పట్టీలా తేలుతుంది, ఎవరికీ ఇవ్వని ఖాళీ జాగాలు ఇంకో రంగులో. ఏ నంబరు ఎవరిదో తెలియకుండానే ఊరి టెలిఫోన్ వ్యవస్థ ఎలా పంచారో కంటికి కనపడుతుంది.

ఇక లోపాలు. టోన్‌లోక్‌కి సొంత చెవి లేదు, మోడెమ్ ఏం చెబితే అదే నమ్ముతుంది. చౌక మోడెమ్ అయితే బిజీకి, జవాబు లేకపోవడానికి తేడా తెలియక అన్నింటినీ టైమ్‌అవుట్ కింద రాసేస్తుంది. యూఎస్ రోబోటిక్స్ కొరియర్ లాంటి ఖరీదైన మోడెములకు ఈ సర్కిల్‌లో అంత గిరాకీ ఉండడానికి కారణం అవి శబ్దాలను బాగా గుర్తుపట్టడమే.

దీనికంటే పెద్ద లోపం ఇంకోటి ఉంది. ఒక స్కాన్‌లో క్యారియర్లయినా వెతకాలి, టోన్లయినా వెతకాలి, రెండూ కలిపి కుదరదు. క్యారియర్ అంటే మోడెమ్ ఎత్తి కూత పెట్టడం. టోన్ అంటే కాల్ కలిశాక అవతల ఇంకో డయల్ టోన్ వినపడటం. కొన్ని కంపెనీల పీబీఎక్స్‌లు, అంటే ఆఫీసు సొంత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లు, బయట ఉన్న ఉద్యోగుల కోసం అలా రెండో టోన్ ఇచ్చేవి. కోడ్ కొడితే కంపెనీ ఖర్చుతో దూరప్రాంతాలకు మాట్లాడుకోవచ్చు. దీన్ని పట్టడానికి మోడెమ్‌ని డయల్ చేశాక రెండో టోన్ కోసం ఆగమని చెప్పాలి. అలా ఆగే మోడెమ్ క్యారియర్‌ని పట్టుకోలేదు. రెండూ కావాలంటే ఊరంతటికీ రెండుసార్లు ఫోన్ చేయాల్సిందే.

లెక్క వేద్దాం. కాల్‌కి 40 సెకన్లు అనుకుంటే గంటకు 90, పదివేలకు 111 గంటలు. రాత్రీ పగలూ ఆపకుండా నడిపితే నాలుగున్నర రోజులు పైనే. రెండు రకాలకీ అయితే తొమ్మిది రోజులు దాటుతుంది. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కో ఇంట్లో ఫోన్ రెండుసార్లు మోగి, ఎత్తితే అవతల ఎవరూ ఉండరు. అదీ ఏ అర్ధరాత్రో మోగితే, ఊళ్లో ముసలి తల్లిదండ్రులున్న వాళ్లెవరికైనా ఎంత టెన్షన్! సరదా కోసం చేసినవాళ్లలో ఎక్కువమంది ఈ వైపు చూడలేదు. నాకు ఇది చిన్న విషయంగా తోచదు.

టీహెచ్‌సీ-స్కాన్

ద హ్యాకర్స్ చాయిస్ అనే జర్మన్ బృందంలోని వాన్ హౌజర్ రాసింది ఇది. 1998లో వచ్చిన 2.0 అందరికీ తెలిసిన వెర్షన్. ఇదీ డాస్‌దే, తెర చూస్తే టోన్‌లోక్ చెల్లెలే అనిపిస్తుంది. టోన్‌లోక్ డాట్ ఫైళ్లను తన పద్ధతిలోకి మార్చుకునే పనిముట్టు కూడా కట్టలోనే ఇచ్చారు. పాతదాన్ని వాడుతున్నవాళ్లు ఇటు రావాలన్న కోరిక అందులో స్పష్టంగా ఉంది.

దీని బలం సెట్టింగులు. మోడెమ్ ఏ పోర్టులో ఉందో తనే వెతికి పట్టుకునే పనిముట్టు, మోడెమ్ ఇచ్చే ప్రతి జవాబుకు ఏం అర్థం తీసుకోవాలో మనమే నిర్ణయించే వీలు, ఫలితాల ఫైళ్లను సర్దే, లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు. అమెరికా మోడెమ్, అమెరికా ఎక్స్ఛేంజ్ అనే ఊహ మీద ఇది నిలబడలేదు. యూరప్‌లో దేశానికొక డయల్ టోన్, దేశానికొక బిజీ టోన్ ఉన్న రోజుల్లో అది చాలా పెద్ద విషయం.

మరి రెండింట్లో ఏది మేలు? 1990ల చివర్లో సంస్థల కోసం అనుమతితో స్కానింగ్ చేసేవాళ్లకు టీహెచ్‌సీ-స్కాన్ మేలు. చేతిలో ఏ మోడెమ్ ఉంటే దాన్ని దారికి తెచ్చుకోవచ్చు. నేర్చుకోవడానికి, చూడటానికి టోన్‌లోక్ మేలు. దాని మాన్యువల్ చదివితే టెలిఫోన్ ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది, టీహెచ్‌సీ-స్కాన్ మాన్యువల్ చదివితే టీహెచ్‌సీ-స్కాన్ ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. చెవి సంగతిలో మాత్రం రెండూ ఒకటే, మోడెమ్ మాటే వేదం. క్యారియర్‌కోసారి, టోన్‌కోసారి డయల్ చేయాల్సిన బాధ కూడా రెండింటికీ ఉంది.

ఈ బాధను తీర్చినవాటిలో ఒకటి అమ్మకానికి వచ్చిన ఫోన్‌స్వీప్. శాండ్‌స్టార్మ్ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీ విండోస్ కోసం చేసింది. ఒకే కాల్‌లో మోడెమా, ఫ్యాక్సా, మనిషా అన్నది తేల్చేది. కంపెనీల ఆడిట్ల కోసం చేసింది కాబట్టి ధర కూడా కంపెనీలు పెట్టగలిగినంత ఉండేది. సరదాగా చేసేవాళ్లకు అందేది కాదు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఈ స్కాన్లు నిజంగా ఏం బయటపెట్టాయో ఒక్క ఉదాహరణ చెప్పుకోవాలి. పీటర్ షిప్లీ అనే కంప్యూటర్ భద్రతా పరిశోధకుడు 1997 నుంచి 2000 దాకా శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో దాదాపు 57 లక్షల నంబర్లకు మోడెములతో ఫోన్ చేయించాడు. 46 వేలకు పైగా నంబర్లలో మోడెములు పలికాయి. నూటికి ఒకటి కూడా లేదు. కానీ ఆ కొద్దిలోనే పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి రానిచ్చేవి ఉన్నాయి. షిప్లీ, సింసన్ గార్ఫింకెల్ కలిసి దీని మీద పత్రం రాశారు. అప్పటికే కంపెనీలు ఇంటర్నెట్ వైపు ఫైర్‌వాల్ కట్టుకుని నిశ్చింతగా ఉన్నాయి. ఇంటి నుంచి పని చేసుకుందామని ఎవరో ఉద్యోగి తన టేబుల్ మీది పీసీకి మోడెమ్ తగిలించి, రిమోట్ ప్రోగ్రాం పెట్టి వెళ్లేవాడు. ముందు తలుపుకి తాళం ఉంది, పెరటి తలుపు తెరిచే ఉంది. పిల్లల సరదాగా మొదలైన పనిముట్టు ఆడిటర్ల చేతికి వెళ్లింది ఇందుకే.

వార్‌వాక్స్

కంప్యూటర్ల భద్రతా లోపాలను పరీక్షించే మెటాస్ప్లాయిట్ రాసిన హెచ్.డి. మూర్ 2009లో దీన్ని విడుదల చేశాడు. ఇందులో మోడెమ్ లేనే లేదు. ఇంటర్నెట్ ఫోన్ కంపెనీ దగ్గర అకౌంట్ తీసుకుని ఒకేసారి చాలా లైన్ల మీద కాల్స్ చేస్తుంది, అవతల వినపడ్డ శబ్దాన్ని రికార్డు చేస్తుంది, అది ఏమిటో తర్వాత తీరిగ్గా తేలుస్తుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీదే గంటకు వెయ్యికి పైగా నంబర్లు అవుతాయి. టోన్‌లోక్‌కి నాలుగున్నర రోజులు పట్టిన ఎక్స్ఛేంజ్ దీనికి పది గంటల పని.

వేగం కంటే నన్ను ఆకట్టుకున్నది వినే పద్ధతి. టెలిఫోన్ లైన్లో ప్రతి యంత్రానికీ సొంత స్వరం ఉంది. అమెరికా డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్‌ల జంట. బిజీ 480, 620ల జంట, అర సెకను మోగి అర సెకను ఆగుతుంది. ఫ్యాక్స్ ఎత్తితే 2100 హెర్ట్జ్ కూత. పాత బెల్ 103 మోడెమ్ ఎత్తితే 2225. శబ్దాన్ని దాని స్వరాలుగా విడగొట్టి చూస్తే ఇవన్నీ విడివిడిగా శిఖరాల్లా లేస్తాయి. మనిషి గొంతు అయితే శిఖరాలు ఒకచోట నిలవకుండా కదులుతుంటాయి. అందుకే ఒక్క కాల్ చాలు. క్యారియర్ కోసం ఒకసారి, టోన్ కోసం ఇంకోసారి ఎవరినీ లేపనక్కర్లేదు. పోల్చే పద్ధతి రేపు మెరుగైతే పాత రికార్డింగుల్నే మళ్లీ పరీక్షించవచ్చు, మళ్లీ ఫోన్ చేయాల్సిన పని లేదు. ఒకే గొంతుతో ఉన్న వాయిస్ మెయిల్ పలకరింపులు ఏయే నంబర్లలో ఉన్నాయో కూడా పోల్చి చెప్పగలదు.

అయితే దాచుకునేదాని బరువు చూడండి. టెలిఫోన్ శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లు కొలిచి, కొలతకు రెండు బైట్లు వేస్తే సెకనుకు 16,000 బైట్లు. 40 సెకన్ల కాల్‌కి ఆరు లక్షల నలభై వేలు. టోన్‌లోక్ ఒక్క బైట్‌తో సరిపెట్టుకున్న చోట ఇది! పదివేల నంబర్లకు 6.4 జీబీ. ఇప్పటి డిస్కులకు అది లెక్కలోది కాదు, కానీ అందులో ఏముందో ఆలోచించాలి. నిద్రమత్తులో ‘హలో, ఎవరు?’ అన్న గొంతులు, వెనక పిల్లల ఏడుపు, టీవీ చప్పుడు. టోన్‌లోక్ ఆ ఇంటి గురించి ‘వాయిస్’ అని తప్ప ఇంకేమీ దాచలేదు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో అవతలి మనిషి ఒప్పుకోకుండా ఫోన్ సంభాషణ రికార్డు చేయడం నేరం. సంస్థ సొంత నంబర్లను ఆడిట్ చేసేటప్పుడు కూడా ఉద్యోగుల గొంతులు అందులో పడతాయి. నేనైతే మనిషి గొంతు అని తేలిన రికార్డింగుని ఆ రోజే చెరిపేయాలంటాను. అలా చెరపకుండా వార్‌వాక్స్ వాడటాన్ని నేను సమర్థించలేను.

ఖర్చు కూడా ఉంది. ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలు ఎత్తిన ప్రతి కాల్‌కీ డబ్బు తీసుకుంటాయి. మోడెమ్ కాలంలో పెట్టుబడి కాలం, ఇప్పుడు డబ్బు. అలాగే ఇంటర్నెట్ మీద శబ్దాన్ని మరీ కుదించి పంపితే మోడెమ్ కూత చెదిరిపోతుంది. కుదించని పద్ధతిలో పంపితేనే ఫలితం నమ్మదగ్గది.

ఎవరికి ఏది

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్లకు సెక్యూరిటీ టెస్టింగ్ చేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. లిఫ్టుల్లోని ఎమర్జెన్సీ ఫోన్లు, ఫైర్ అలారం ప్యానెళ్లు, నీటి పంపుల కంట్రోలర్లు ఈనాటికీ కొన్నిచోట్ల మోడెమ్ మీదే నడుస్తున్నాయి. వాటిని వెతకాల్సి వస్తే వార్‌వాక్స్ పద్ధతే మేలు, రెండో ఆలోచన అక్కర్లేదు. ఒక్క కాల్, చెవితో సరిచూసుకునే సాక్ష్యం, క్లయింట్‌కి చూపించగల రికార్డు. దానికి ముందు నంబర్ల పరిధి రాసిన అనుమతి పత్రం చేతిలో ఉండాలి, ఆ పరిధి నిజంగా క్లయింట్‌దేనా అని చూసుకోవాలి. ఒక్క అంకె తప్పు పడితే ఫోన్ మోగేది పక్కవాళ్ల ఇంట్లో. అమెరికాలో ఆటోమేటిక్ డయలర్లు ఎమర్జెన్సీ లైన్లకు, ఆస్పత్రి గదులకు ఫోన్ చేయకూడదని 1991 నుంచి చట్టం ఉంది. మన దగ్గర అనుమతి లేకుండా వేరేవాళ్ల కంప్యూటర్లోకి వెళ్లడం 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. ‘సరదాగా చేశాను’ అన్న మాట ఏ దేశంలోనూ చెల్లదు.

కంప్యూటర్ చరిత్ర మీద ఇష్టం ఉండి, ఆ కాలం ఎలా ఉండేదో చూడాలనుకునేవాళ్లకు మాత్రం టోన్‌లోకే. టీహెచ్‌సీ-స్కాన్ ఇప్పుడు ఎవరికీ తప్పనిసరి కాదు. దాని గొప్పతనమంతా రకరకాల అసలు మోడెముల్ని దారికి తేవడంలో ఉంది. ఆ మోడెములు ఇప్పుడు లేవు, ఉన్నా తగిలించడానికి రాగి లైన్లు తగ్గిపోతున్నాయి. టోన్‌లోక్‌కి డాస్‌బాక్స్ చాలు, పాత డాస్ ప్రోగ్రాముల్ని ఇప్పటి కంప్యూటర్ల మీద నడిపే ప్రోగ్రాం అది. డాస్‌బాక్స్ తనే ఒక నకిలీ మోడెమ్‌ని చూపిస్తుంది, డయల్ చేసినప్పుడు ఫోన్ లైన్‌కి బదులు నెట్‌వర్క్ మీద కలుపుతుంది. కొన్ని వెర్షన్లలో ఫోన్‌బుక్ ఫైల్ ఒకటి ఉంటుంది, అందులో మనకు నచ్చిన నంబర్లను మన ఇంట్లోని కంప్యూటర్ల చిరునామాలకు జత చేసుకోవచ్చు. పదివేల నంబర్ల ఊహా ఎక్స్ఛేంజ్‌లో మూడో నాలుగో ‘కంప్యూటర్లు’ దాచి టోన్‌లోక్‌ని వదలండి. ఏ ఇంట్లోనూ ఫోన్ మోగదు. స్కాన్ అయ్యాక టోన్‌మ్యాప్ తెరిచి ఆ చుక్కలు వెతుక్కోండి.